వేగాస్ వెళ్తున్న మేనల్లుడికి

బ్రాడీపేట, గుంటూరు

ఒరేయ్ అల్లుడూ, ఆశీస్సులు.

ఆఫీసు పని మీద లాస్ వేగాస్ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "మావయ్యలాగా నేనూ కేసినో బిళ్లలు పోగేస్తా" అన్నావట, అప్పటి నుంచి ఒకటే టెన్షన్ పడుతోంది. తన భయంలో తప్పేమీ లేదు. సంక్రాంతికి పందెం బరుల పక్కన గుండాటలో నెల జీతం పోగొట్టుకుని, ఇంటికెళ్లడానికి మొహం చెల్లక నిలబడ్డవాళ్లను నువ్వూ చూశావు. అందుకే ముందు ఈ మాట: మనకు కావలసింది కేసినోలో డబ్బుకు బదులు వాడే ఆ చిప్, అంటే బిళ్ల, ఆట కాదు. నేను చాలాసార్లు ఒక్క పందెం కూడా కట్టకుండానే తెచ్చుకున్నాను.

కేసినో లోపలికి వెళ్లగానే క్యాషియర్ కౌంటర్ ఎక్కడుందో చూడు. దాన్ని అక్కడ కేజ్ అంటారు. జ్ఞాపకంగా దాచుకుంటానని చెప్పి, ఒక డాలర్ బిళ్ల, కొంచెం కొత్తది, మర్యాదగా అడుగు. కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల టేబుల్ దగ్గరే కొనుక్కోమంటారు. టేబుల్ దగ్గర నోటు డీలర్ (ఆట నడిపించే ఉద్యోగి) చేతికి ఇవ్వకూడదు. ఒక ఆట అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు బల్ల మీద పెట్టాలి. వచ్చినవాటిలో నీకు నచ్చింది ఒకటి ఉంచుకుని, మిగతావి కేజ్‌లో మార్చుకుని బయటికి వచ్చెయ్. పాస్‌పోర్ట్ జేబులోనే ఉంచుకో, 21 ఏళ్లు నిండాయా అని అడుగుతారు. టేబుళ్ల దగ్గర ఫోన్ తీసి ఫొటోలు తియ్యకు.

ఒక డాలర్‌ది ఎక్కువగా తెలుపు లేదా నీలం రంగులో ఉంటుంది. 5 ఎరుపు, 25 ఆకుపచ్చ, 100 నలుపు. ఒకటి, ఐదు దగ్గరే ఆగిపో. అంతకంటే పెద్దది తెస్తే డబ్బు డబ్బాలో ఇరుక్కున్నట్టే. రూలెట్ అని, తిరిగే చక్రంలో గోళీ ఏ అంకె దగ్గర ఆగుతుందోనని పందెం కట్టే ఆట ఉంటుంది. ఆ బల్ల మీద విలువ రాయని రంగు బిళ్లలుంటాయి, ఒక్కో ఆటగాడికి ఒక్కో రంగు ఇస్తారు. అవి ఆ బల్ల దాటకూడదు, వాటి జోలికి వెళ్లకు.

చేతికి రాగానే జేబులో వేసెయ్యకు. రెండు వేళ్ల మధ్య నిలబెట్టి, వెలుతురులో నెమ్మదిగా తిప్పు. వెడల్పు 39 మిల్లీమీటర్లు. అంచున వేరే రంగు ముక్కలు కనిపిస్తాయి. అవి పైన పూసిన రంగు కాదు, ఆ రంగు మట్టి ముక్కనే అచ్చులో పెట్టి నొక్కుతారు. అందుకే పక్కనుంచి చూసినా, ముందూ వెనకా చూసినా అదే రంగు. కొన్నిటి మీద చుట్టూ చిన్న చిన్న టోపీలు, చేతికర్రలు ఉబ్బెత్తుగా ఉంటాయి. బిళ్లలు తయారుచేసే పాల్సన్ కంపెనీ అచ్చు అది. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అవే. ఒకసారి మన బంగారం కొట్లో కాటా మీద పెడితే పది గ్రాములకు అటూ ఇటూగా తూగింది. బరువుంటేనే అసలుది అని మాత్రం అనుకోకు. బజార్లో పేకాట సెట్లలో వచ్చే బరువైన వాటిలో లోపల ఇనుప బిళ్ల ఉంటుంది.

ఇంటికొచ్చాక నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మొదట్లో మెత్తటి ప్లాస్టిక్ కవర్ల ఆల్బమ్‌లో పెట్టి బీరువా పైన ఉంచాను. మన గుంటూరు మే నెల ఎండలు తెలుసుగా. జూన్‌లో తీసి చూస్తే కవర్ జిగటగా అంటుకుపోయింది. లాగితే బంగారు రంగు అక్షరాలు కవర్‌తో పాటే ఊడొచ్చాయి. కొలంబోలో తీసుకున్నది, మా మిర్చి ఎగుమతి పని మీద మొదటిసారి దేశం దాటినప్పటిది. ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నాణేలు దాచే గుండ్రటి గట్టి ప్లాస్టిక్ డబ్బీలు దొరుకుతాయి, అవి వాడు. సబ్బు, బ్రష్ పెట్టి తోమకు. మురికి పోయినా పోకపోయినా అంచు పదును పోతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

ఆ రాత్రే ఒక చీటీ మీద తేదీ, చోటు, ఎవరితో వెళ్లావు, ఏం తిన్నావు రాసి డబ్బీతో పాటు పెట్టు. మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు ట్రాపికానాలో ఐదు డాలర్లది తీసుకున్నాను. వేగాస్‌లో 1957లో తెరిచిన కేసినో హోటల్ అది. 2024 ఏప్రిల్‌లో మూసేశారు, అక్టోబర్‌లో పేల్చి కూల్చేశారు. అక్కడే 1989లో తెరిచిన మిరాజ్‌ను కూడా అదే ఏడాది జూలైలో మూసేశారు. మూసేటప్పుడు బిళ్లలు మార్చుకోవడానికి ఒక గడువిస్తారు, అది దాటితే కౌంటర్‌లో పైసా రాదు. నా ట్రాపికానా బిళ్లను నేను మార్చుకోలేదు. మీ అత్తయ్య మోకాళ్ల నొప్పితో కూడా ఆ హోటలంతా నాతో తిరిగింది. ఆ సంగతి చీటీ మీద ఉంది.

ఎప్పుడైనా గోవాలో మాండవి నది మీది కేసినో ఓడల్లో కొంటే, బిళ్ల విలువ మీద జీఎస్టీ కూడా పడుతుందని లెక్క వేసుకో.

ఇంకొకటి. దీపావళికి ఫ్రెండ్స్ వచ్చినప్పుడు ఈ బిళ్లలు పేకాటలోకి తియ్యకు. మన రాష్ట్రంలో జూదం మీద 1974 నుంచి గేమింగ్ చట్టం ఉంది. అదలా ఉంచినా, పందెం జోలికి వెళ్లనని మీ అమ్మకు ఇచ్చిన మాట ఒకటుంది కదా.

తిరిగొచ్చాక ముందు మా ఇంటికి రా. నా దగ్గర ఖాళీ డబ్బీలు ఎనిమిది ఉన్నాయి, నాలుగు నీకిస్తాను. నువ్వు వచ్చేదాకా మాత్రం బిళ్లను రుమాల్లో చుట్టి హ్యాండ్ బ్యాగులో ఉంచు, తాళాలతో కలిపి జేబులో వెయ్యకు.

మీ మావయ్య