లాస్య చెల్లెలికి ఏ పేరు?

ప్రశ్న: మాది గుంటూరు. ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాం. పెద్దమ్మాయి లాస్యకు 5 ఏళ్ళు. రెండో పాప పుట్టి 12 రోజులైంది, 21వ రోజున బారసాల. పెద్దదాని పేరుతో ప్రాస కలిసేలా ‘హాస్య’ అని పెట్టాలని మా వారి పట్టు. వారి అన్నగారి పిల్లలు హర్షిత్, వర్షిత్. రెండేళ్ళ క్రితం కాలం చేసిన మా మామగారు సీతారామయ్యగారి పేరు నిలవాలి కనుక ‘సీత’ అని పెట్టి తీరాలని మా అత్తగారు అంటున్నారు. పాపది ఆశ్లేష రెండో పాదం, ‘డూ’ అక్షరం వచ్చిందని పురోహితులు చెప్పారు. 21 రోజుల్లో పేరు నమోదు కాకపోతే ఇబ్బంది అని మా వారు తొందరపెడుతున్నారు. రోజూ ఇదే గొడవ. పసిబిడ్డను పక్కలో వేసుకుని ఏడుస్తున్నాను. నాకు చిన్నప్పటి నుంచి ‘వైదేహి’ అన్న పేరంటే ఇష్టం. నన్ను ఎవరూ అడగలేదు.
– ఒక తల్లి

జవాబు: ముందు గడువు సంగతి తేల్చుకుందాం. బారసాలకు పెట్టుకున్న 21వ రోజు, జనన నమోదుకు ప్రభుత్వం ఇచ్చిన 21 రోజులు ఒకటి కావు. మీ ఇంట్లో ఆ రెండూ కలిసిపోయి మెడ మీద కత్తిలా తయారయ్యాయి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో నమోదు కావలసింది పాప పుట్టిన విషయమే తప్ప పాప పేరు కాదు. ఆసుపత్రిలో ప్రసవమైతే ఆ సమాచారం ఇవ్వవలసిన బాధ్యత ఆసుపత్రివారిదే. పేరు లేకుండానే నమోదు చేయించి, ఆ తరువాత 12 నెలల లోపు రుసుము లేకుండా, అది దాటితే ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ వరకు పేరు చేర్పించుకునే వీలు ఆ చట్టంలోని 14వ సెక్షన్, దాని కింది నియమాలు కల్పిస్తున్నాయి. తొందరపడి ఒక పేరు రాయించి, ఆ తరువాత దానిని మార్పించుకోవడమే అసలు తంటా. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలుకొని పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం కనుక, అందులోకి ఎక్కే పేరును, దాని ఇంగ్లిషు స్పెల్లింగుతో సహా, నింపాదిగా ఆలోచించి ఇవ్వడమే మేలు. ఈ మాట మీ వారికి ఈ రోజే చెప్పండి. సగం వేడి అక్కడే చల్లారుతుంది.

ఇక ప్రాస విషయం. లాస్య, హాస్య అన్న రెండింటిలో రెండో అక్షరం చక్కగా కుదిరింది. పద్యానికైతే వంక పెట్టలేని ప్రాస. ఇంట్లో పిల్లల్ని పిలవడానికి మాత్రం అది పనికొస్తుందని నేను అనుకోను. మీ వారిని ఒక్కసారి వంటింట్లో కుక్కరు కూత మధ్య నిలబడమని, మీరు పడకగది నుంచి ఆ రెండు పేర్లూ మార్చి మార్చి పిలిచి చూడండి. ‘హ’ ఊపిరిలోనే కరిగిపోయే అక్షరం, ‘ల’ కూడా అంత గట్టిది కాదు. గోడ అవతలికి చేరేది ‘ఆస్యా’ అన్నంత మాత్రమే. పిలిచింది ఎవరినో తెలియక ఇద్దరూ పరుగెత్తుకు రావడమో, తనను కాదులే అనుకుని ఇద్దరూ కదలకుండా కూర్చోవడమో జరుగుతుంది.

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. మా ఇంట్లో ముగ్గురం అక్కచెల్లెళ్ళం, ముగ్గురి పేర్లూ ‘లత’తోనే ముగుస్తాయి, మా నాన్నగారికి అదొక మురిపెం. ల్యాండ్‌ఫోను రోజుల్లో ఎవరైనా ‘లత ఉందా’ అని అడిగితే ఎత్తినవారు ‘ఏ లత’ అని ఎదురు ప్రశ్న వేసేవారు. మా నాయనమ్మ నన్ను పిలవబోయి ముందు మా అక్కలిద్దరి పేర్లూ పలికి, చివరికి విసుగెత్తి ‘నిన్నేనే’ అనేది. మూడో లతనైన నాకు, నా పేరులో నాదంటూ ఉన్నది మొదటి రెండు అక్షరాలే కదా అని పదేళ్ళ వయసులో అనిపించిన సంగతి ఇప్పటికీ గుర్తుంది.

ప్రాస లేకపోతే తోబుట్టువుల్లా అనిపించరేమో అని మీ వారికి బెంగ ఉంటే, దశరథుని ఇల్లు చూడమనండి. వాల్మీకి రామాయణంలో పదకొండు రోజులు గడిచాక వసిష్ఠుడు పెట్టిన రాముడు, భరతుడు, లక్ష్మణుడు, శత్రుఘ్నుడు అన్న నాలుగు పేర్లలో ఏ రెండింటికీ మొదటి అక్షరం కలవదు, ప్రాస అంతకన్నా కలవదు. ఆఖరికి కవలలైన లక్ష్మణ శత్రుఘ్నుల పేర్లలోనూ కలవదు. అయినా ఆ నలుగురూ ఒకే ఇంటి బిడ్డలని తెలియనివారు మనలో ఉన్నారా? కుశలవుల విషయంలో బంధం ఉన్నది కాని, అది చెవికి తగిలేది కాదు. దర్భల పై భాగమైన కుశతో ఒక బిడ్డకు, కింది భాగమైన లవంతో మరొక బిడ్డకు రక్ష చేయించి వాల్మీకి మహర్షి ఆ పేర్లు పెట్టాడని చెబుతారు. ఒకే గడ్డిపోచలోంచి రెండు పేర్లు వచ్చాయన్నమాట. పేర్లు జత కలవడమంటే నా దృష్టిలో ఇదే: రెండూ ఒకే భాషలోంచి, ఇంచుమించు ఒకే బరువుతో రావాలి, రెండింటికీ అర్థం ఉండాలి, విడివిడిగా పిలిచినప్పుడు దేనికది నిలబడాలి. ఒకరికి నాలుగు మాటల పొడవాటి పేరు పెట్టి మరొకరికి ముద్దుపేరులాంటిది పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది కాని, లాస్య పక్కన ఒక పాత పేరు ఉంటే ఏ ఎబ్బెట్టూ ఉండదు.

‘హాస్య’ గురించి ఇంకొక్క మాట. లాస్యమంటే సుకుమారమైన నృత్యం. హాస్యమంటే నవ్వు, నవరసాల్లో ఒకటి, మంచి మాటే. కాని మన వాడుకలో ఆ మాట వెంట హాస్యనటులు, హాస్యసన్నివేశాలు, ‘హాస్యానికి అన్నాను’ అనే సాకులు వరుసగా వచ్చి నిలబడతాయి. తరగతిలో హాజరు పిలిచే వేళ నవ్వులపాలయ్యేది ఆ పిల్ల. ఈ సంగతి మీ వారికి చెప్పేటప్పుడు ఆయన కోరికను వెక్కిరించకండి. అన్నగారి పిల్లల పేర్లను బంధువులు జంటగా పలికి ముచ్చటపడటం ఆయన చూశారు, తన కూతుళ్ళకూ ఆ ముచ్చట తీరాలనుకున్నారు. అది తండ్రి మనసే కదా.

మీ అత్తగారి కోరికకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. పోయినవారి పేరు మనుమలకు పెట్టుకోవడం మన ఇళ్ళలో ఉన్నదే, రెండేళ్ళ దుఃఖం పాతబడిన దుఃఖం కూడా కాదు. అయితే ఆ తరంలో చాలామందికి భర్త పేరు నోట పలికే అలవాటు ఉండదు. మీ అత్తగారు ఎలా పిలిచేవారో మీకే తెలుసు. మీరు కూడా మామగారి పేరు పలకడానికి వెనుకాడే కోడలైతే, పాపకు సీత అని పెట్టి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళూ ‘బంగారం’ అనో, ‘చిట్టితల్లి’ అనో పిలుస్తూ ఉండిపోతారు. అలా తాతల, నాయనమ్మల పేర్లు పెట్టుకుని, ఆ పేర్లతో ఎవరూ పిలవక, బడిలో చేరిన రోజున తమ పేరు తామే కొత్తగా విన్న పిల్లలు మన ఇళ్ళలో తక్కువేమీ కాదు. ఇప్పుడు మీ ఉత్తరం చివరన, ఎవరూ అడగలేదంటూ మీరు రాసిన పేరును మళ్ళీ చూడండి. వైదేహి అంటే విదేహ రాజు కూతురు, సీతే. సీతారామయ్యగారి పేరులో సగం అందులో నిక్షేపంగా ఉన్నది. భర్త పేరు పలికానన్న సంకోచం లేకుండా మీ అత్తగారు దానిని నోరారా పిలుచుకోవచ్చు. లాస్యా, వైదేహీ అని పిలిచి చూడండి, గోడ అవతల కూడా ఏది ఎవరిదో తెలిసిపోతుంది. ఇంటిపేరు ఇద్దరికీ ఒకటే అయినా పేర్ల మొదటి అక్షరాలు వేరు కనుక బడి రికార్డుల్లో, ఆసుపత్రి చీటీల్లో ఒకరి కాగితం మరొకరి ఫైలులోకి వెళ్ళే చిక్కూ తక్కువే. మీ వారికి ఆ పేరు పాతదిగా అనిపిస్తే జానకి, మైథిలి, భూమిజ కూడా సీత పేర్లే. వాటిలో ఒకటి ఆయననే ఎంచుకోమనండి.

ఆశ్లేషకు వచ్చేవి డీ, డూ, డే, డో. వాటితో పిలుపుకు పనికొచ్చే పేరు వెతకడం ఎవరికైనా కష్టమే. మన పెద్దలకు దీనికి దారి ఎప్పుడో దొరికింది: నక్షత్రనామం వేరు, వ్యవహారనామం వేరు. ‘డూ’తో మొదలయ్యే పేరును పురోహితులు చెప్పినట్లు బియ్యంలో రాయించండి, పిలిచే పేరు మీ ఇష్టం. ఎవరైనా శాస్త్రమంటూ పట్టుబడితే, ఇంట్లో చేసే సంస్కారాల విధులు చెప్పే పాత గ్రంథం ఆశ్వలాయన గృహ్యసూత్రం మగపిల్లలకు సరి సంఖ్యలో, ఆడపిల్లలకు బేసి సంఖ్యలో అక్షరాలు ఉండాలంటుందని నవ్వుతూ గుర్తు చేయండి. ఆ లెక్కన లాస్య, హాస్య, సీత మూడూ తప్పిపోయి, మూడక్షరాల వైదేహి ఒక్కటే నిలుస్తుంది. మీ చేతికి ఇదొక ఆయుధం అనుకోండి, వాడవలసిన అవసరం రాకపోతే ఇంకా మంచిది.

ఈ మాటలన్నీ అందరి ముందు, భోజనాల దగ్గర తేల్చాలని చూడకండి. ముందు మీ వారితో ఒంటరిగా మాట్లాడండి, పెద్దపాప నిద్రపోయాక. మొదటి వాక్యం పేరు గురించి కాకుండా, ‘ఈ బిడ్డ పేరు విషయంలో నన్ను ఎవరూ అడగలేదు, నాకు బాధగా ఉంది’ అన్నదిగా ఉండాలి; ఎందుకంటే మీ ఉత్తరం చదివాక నాకు అర్థమైనంతలో మీ గొడవ రెండక్షరాల గురించి కాదు. ఆ తరువాత మీ అత్తగారికి ఈ సంగతి మీరు చెప్పకూడదు, కొడుకే చెప్పాలి. కోడలు తెచ్చిన పేరుగా వినిపిస్తే కాదనే ఆవిడే, కొడుకు నోట ‘నాన్న పేరులోని సీత’గా వినిపిస్తే కంటనీరు పెట్టుకుని ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే బారసాల నాడు నక్షత్రనామం రాయించి, పిలిచే పేరును కొన్ని వారాలు వాయిదా వేయండి. పైన చెప్పినట్లు చట్టం మీకు ఏడాది ఇచ్చింది. ఇంకొక మాట: ప్రసవం తరువాత మొదటి రోజుల్లో ఏడుపు రావడం మామూలే, కాని రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోయినా, దానిని పేరు గొడవ ఖాతాలో వేసి ఊరుకోకుండా డాక్టరుగారికి చెప్పండి.

లాస్యను ఈ వాదాలకు దూరంగా ఉంచండి కాని, బారసాలకు దూరంగా ఉంచకండి. చెల్లి పేరు తననే పెట్టమని మాట ఇవ్వవద్దు, ఐదేళ్ళ పిల్ల బొమ్మ పేరో, పక్క బెంచీ స్నేహితురాలి పేరో చెబుతుంది, అప్పుడు కాదనలేరు. దానికి బదులు ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు ఆమెకు వదిలేయండి. ఆ రోజు పళ్ళెంలో బియ్యం పోసి మీ వారు ఉంగరంతో పేరు రాసేటప్పుడు లాస్యను ఆయన ఒడిలో కూర్చోబెట్టండి. చివరి అక్షరం మీద గుడి దీర్ఘంగా సాగినా సరే, ఆమె వేలితోనే దిద్దించండి.