ఫెజ్‌లో అరబిక్: ఏడాది కాదు, ఆరు వారాలు

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. అరబిక్ ఒక సబ్జెక్టు. మొరాకోలోని ఫెజ్ నగరంలో ఏడాది ఉండి అరబిక్ నేర్చుకుంటానంటోంది. ప్రపంచంలోకెల్లా పాత యూనివర్సిటీ అక్కడే ఉందట. నాది నంద్యాలలో ఎరువుల షాపు. ఉన్న ఒక్క ప్లాటు అమ్మి పంపినా ఆ తర్వాత ఉద్యోగం వస్తుందా? ఆడపిల్ల, పైగా మేం శాకాహారులం. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ప్లాటు అమ్మకండి. అలాగని అమ్మాయిని వెళ్లొద్దనీ అనకండి.

ముందు ఆ యూనివర్సిటీ సంగతి. అల్ ఖరవియ్యీన్‌ను 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ కట్టించిందని చెప్పుకుంటారు. మసీదుగా మొదలై చదువుల కేంద్రమైంది. 1963లో ప్రభుత్వ యూనివర్సిటీల్లో కలిపారు. అక్కడ చెప్పేది ప్రధానంగా ఇస్లామిక్ ధర్మశాస్త్రం. మీ అమ్మాయిలాంటి వాళ్లు భాష నేర్చుకోవడానికి చేరే చోటు కాదది. ముస్లింలు కానివారికి ఆ మసీదులోకి ప్రవేశం కూడా లేదు, గుమ్మం దగ్గర నిలబడి చూడాల్సిందే. పక్కనే ఉన్న అత్తారీన్ మదరసాలోకి మాత్రం టికెట్ కొని వెళ్లొచ్చు. పై అంతస్తులో పాతకాలపు విద్యార్థుల గదులు చూస్తే మన హాస్టళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

విదేశీ విద్యార్థులు చేరేది ప్రైవేటు భాషా సంస్థల్లో. 1983లో మొదలైన అరబిక్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్ ఇన్ ఫెజ్ వాటిలో పేరున్నది. ఇలాంటి చోట్ల కోర్సులు వారాల లెక్కన నడుస్తాయి. ఏడాది కట్టేయాల్సిన పని లేదు.

ఇక అసలు చిక్కు. పుస్తకాల్లో, వార్తల్లో ఉండే అరబిక్‌ను ఫుస్‌హా అంటారు. మొరాకో వీధుల్లో మాట్లాడేది దారిజా. గ్రాంథికం మాత్రమే నేర్చుకున్నవాడు నంద్యాల కూరగాయల మార్కెట్‌కి వెళ్తే ఎలా ఉంటుందో, అంతకు నాలుగింతల ఇబ్బంది. ‘ఇప్పుడు’ అనడానికి ఫుస్‌హాలో అల్ ఆన్, దారిజాలో దాబా. (భోజనం హోటల్ కాదు!) కష్టపడి దారిజా పట్టుకున్నా, ఆ మాట గల్ఫ్ వాళ్లకు సరిగా అర్థం కాదు. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో అరబ్ రోగులకు దుబాసీగా చేయాలన్నది మీ అమ్మాయి ఆలోచనైతే, ఫెజ్ వీధి భాష ఆమెకు పెద్దగా పనికిరాదు. అక్కడికి వెళ్లినా ఫుస్‌హా మీదే గురి ఉండాలి. ఆ పునాది హైదరాబాద్‌లోని విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలోనో ఉస్మానియాలోనో పీజీ చేస్తే ఇక్కడే పడుతుంది. అందుకే ఏడాది వద్దు, పునాది పడ్డాక ఆరు వారాలు చాలు అంటున్నాను.

మొరాకోతో ముడిపడిన ఉద్యోగమే కావాలంటే అది వేరే దారి. మీ షాపులో అమ్మే, ఫాస్ఫేట్‌తో తయారయ్యే డీఏపీ ఎరువు సంగతే చూడండి. ప్రపంచంలో తెలిసిన ఫాస్ఫేట్ నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో చేతిలోనే ఉన్నాయి. మన దేశానికి డీఏపీ, ఫాస్ఫారిక్ యాసిడ్ పంపే దేశాల్లో అది ముఖ్యమైనది. ఆ వ్యాపారం నడిపే మొరాకో ప్రభుత్వ ఫాస్ఫేట్ కంపెనీ ఓసీపీ ఆఫీసు ఉన్నది ఫెజ్‌లో కాదు, కాసాబ్లాంకాలో. అక్కడి పెద్ద కంపెనీల్లో కాగితాలు, మీటింగులు ఎక్కువగా ఫ్రెంచ్‌లోనే సాగుతాయి. అరబిక్ ఒక్కటే వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. అరబిక్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ మూడూ వచ్చి, ఎగుమతి దిగుమతుల పని కాస్త తెలిసినవాళ్లు మన దగ్గర తక్కువ. హైదరాబాద్ అలయాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచ్ మొదలుపెట్టమనండి. ఎగుమతుల కాగితాలంటే ఏమిటో మీరే మీ డీలర్ల ద్వారా ఎవరి దగ్గరైనా చూపించొచ్చు. ఈ విషయంలో నాకంటే మీకే పరిచయాలు ఎక్కువ.

ఉండటం గురించి. పాత ఊరు, అంటే మదీనా, 1981 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. సందుల్లోకి కారు రాదు. సిమెంటు బస్తాలైనా గ్యాస్ సిలిండర్లైనా కంచరగాడిద మీదే. వెనక నుంచి ‘బాలక్!’ అని కేక వినిపిస్తే గోడకు అతుక్కుపోవాలి. ఫోన్‌లో మ్యాప్ కూడా ఆ గోడల మధ్య దారి తప్పుతుంది. ఇళ్లు మన మండువా లోగిలి లాంటివే, మధ్యలో ఆకాశం, గదులన్నీ లోపలికి తిరిగి ఉంటాయి. చూడటానికి బాగుంటుంది కానీ జనవరి రాత్రి ఆ పలకల నేల మీద కాలు పెట్టలేం. చాలా ఇళ్లలో హీటర్ ఉండదు.

అమ్మాయిని స్థానిక కుటుంబంతో ఉంచే ఏర్పాటు సంస్థ ద్వారానే చేయించండి. క్లాసులకు దగ్గరగా, ఫ్రెంచివాళ్లు కట్టిన కొత్త ఊరు విల్ నూవెల్‌లో అయితే మేలు. వీధిలో వెంటపడి మాటలు విసిరేవాళ్లు, గైడునంటూ తగులుకునేవాళ్లు ఉంటారు. ఇది దాచిపెట్టి పంపడం తప్పు. చీకటి పడ్డాక సందుల్లో ఒంటరిగా నడవకుండా, మీటర్ వేయించి ఎర్రటి పెటీ టాక్సీ ఎక్కాలి. వీసా ఎన్ని రోజులకిచ్చారో చూసుకున్నాకే కోర్సుకు డబ్బు కట్టండి. 90 రోజులు దాటితే పోలీసుల దగ్గర నివాస కార్డు తీసుకోవాలి.

తిండికి భయం లేదు. బిసారా అని, ఎండు బాకలా (ఒక రకం చిక్కుడు) గింజలు ఉడికించి ఆలివ్ నూనె, జీలకర్ర పొడి చల్లి ఇస్తారు. గుండ్రటి రొట్టెతో తింటే మన ముద్దపప్పు గుర్తొస్తుంది. హరీరా సూప్‌లో మాత్రం తరచూ మాంసం వేస్తారు, అడిగి తినాలి. ‘మాంసం తినను’ అంటే కోడి పెట్టే ఇళ్లూ ఉంటాయి, కాబట్టి కోడి, చేప కూడా వద్దని ముందే రాసి పంపండి.

ఫ్రెంచ్ భాషా పరీక్ష డెల్ఫ్‌లో ఏ2 స్థాయి పాసయ్యాక మళ్లీ రాయండి. ఏ నెలలో వెళ్లాలో అప్పుడు చూద్దాం. జూలై, ఆగస్టు మాత్రం వద్దు. ఫెజ్‌లో 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఆ ఎండ కోసం నంద్యాల వదిలి అంత దూరం పోనక్కర్లేదు.