వింత సినిమాలను ఇంట్లోవాళ్లకు అలవాటు చేయడం

అమలాపురంలో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి డేవిడ్ లించ్ తీసిన ‘ఎరేజర్‌హెడ్’ (1977) పెడితే పావుగంటకే అందరూ లేచిపోయారనీ, ఇకపై ఏది చూపించాలనీ మీరు అడిగారు. తప్పు వాళ్లది కాదు, మీరు ఎంచుకున్న వరుసది.

ముందుగా లిజో జోస్ పెల్లిసెరీ మలయాళ చిత్రం ‘నన్‌పకల్ నేరత్తు మయక్కం’ చూపించండి. వేళాంకణ్ణి నుంచి తిరిగివస్తున్న బస్సులో మధ్యాహ్నం కునుకు తీసి లేచిన మమ్ముట్టి, దారిలో బస్సు ఆపించి, ఒక తమిళ పల్లెలోకి నడిచి, ఎవరిదో ఇంట్లోకి సొంతిల్లన్నంత చనువుగా వెళ్లి, లుంగీ కట్టుకుని, ఆ ఇంటి నుంచి ఎప్పుడో కనబడకుండా పోయిన సుందరంలా తమిళం మాట్లాడతాడు. ఎందుకన్నది సినిమా తేల్చి చెప్పదు. అయినా భోజనం చేసి కొబ్బరిచెట్ల నీడన నులకమంచం మీద ఒరిగి, లేవగానే తెల్లవారిందో పొద్దుగూకిందో తెలియక కాసేపు తికమకపడే మన కోనసీమ వాళ్లకు దాన్ని ఎవరూ వివరించనక్కరలేదు.

తరువాత, పిల్లలు పడుకున్నాక, లించ్ టీవీ సీరియల్ ‘ట్విన్ పీక్స్’ (1990) మొదలుపెట్టండి. హంతకుడెవరన్న ప్రశ్న ఉంది కాబట్టి మీ అత్తగారు కూడా కదలరు.