తల ఊపడం మానకండి, ముందు మాట అనండి

"జర్మనీ క్లయింట్‌తో వీడియో కాల్‌లో నేను తల ఊపిన ప్రతిసారీ 'అది అవునా, కాదా?' అని అడుగుతున్నారు. బాడీ లాంగ్వేజ్ మార్చుకోవడం ఎలా? ఎదుటివాళ్లది చదవడం ఎలా?" అని కదా మీ ప్రశ్న.

తల ఊపడం మానేద్దామని కూర్చోకండి, మీ వల్ల కాదు. దానిమీదే ధ్యాస పెడితే మెడ పట్టేసిన మనిషిలా కనిపిస్తారు, అంతే.

మనం పక్కలకి, కాస్త ఏటవాలుగా ఊపే ఊపుకి తక్కువలో తక్కువ మూడు అర్థాలున్నాయి. చిన్నగా, గబగబా ఊపితే "వింటున్నా, కానివ్వండి". నెమ్మదిగా ఒక్కసారి భుజం వైపు వాల్చి, కళ్లు అరమూసి తెరిస్తే "సరే, అలాగే". పెదాలు బిగించి, చూపు ఇంకెటో పెట్టి సాగదీస్తే "చూద్దాంలెండి", అంటే ఆ పని కానట్టే. ఏది ఏదో మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ కాల్‌లో మీ మొహం అగ్గిపెట్టెంత, నెట్ సరిగ్గా లేకపోతే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. కళ్లూ పెదాలూ చెప్పేది ఎగిరిపోయి, తల పక్కకి కదిలిందన్న ఒక్క ముక్కే మిగులుతుంది. జర్మన్లకి పక్కకి కదిలిన తల అంటే కాదనే.

దీన్ని మన లోపంలా చెప్పే సాఫ్ట్ స్కిల్స్ ట్రైనర్లని చూస్తే ఒళ్లు మండుతుంది. అభినయ దర్పణం అనే పాత నాట్యగ్రంథంలో తలకి 9 కదలికలు చెప్పారు. వింజామర వీచినట్టు తలని అటూ ఇటూ ఆడించేది పరివాహితం, దాని వినియోగాల్లో సంతోషమూ, అనుమోదనమూ (అంటే ఒప్పుకోలు) ఉన్నాయి. "లేదు" అనడానికి చెప్పింది వేరే కదలిక, ధుతం. కూచిపూడి నేర్చుకునే పిల్లలు బట్టీపట్టే శ్లోకాలే ఇవి. అంతెందుకు, బల్గేరియాలో నిలువుగా ఊపితే కాదని అర్థం. వాళ్లనెవరూ క్లాసులో కూర్చోబెట్టి దిద్దడం లేదుగా!

ఇక చెయ్యాల్సింది. మాట ముందు, తల తర్వాత. మూడు వాక్యాలు చీటీ మీద రాసి కెమెరా పక్కన అంటించుకోండి: "యెస్, అగ్రీడ్", "అర్థమైంది, శుక్రవారానికి ఖాయంగా చెప్తా", "ఈ వారం కుదరదు". ఏదో ఒకటి నోటితో అనేశాక తల ఎటు ఊగినా ఫర్వాలేదు. ల్యాప్‌టాప్ కింద పుస్తకాలు పేర్చి కెమెరాని కళ్ల ఎత్తుకి తెండి, చేయి చాచినంత దూరంలో కూర్చోండి, ఛాతీ దగ్గర చేతులు కూడా కనబడాలి. కిటికీ వెనక కాదు, ఎదురుగా ఉండాలి. వెనక ఉంటే మొహం నల్లటి మచ్చే. ఇంకొకటి, ఊఁ కొట్టడం. ఎదురుగా ఉన్నప్పుడు అది మర్యాద. కాల్‌లో మీ "ఊఁ" కాస్త ఆలస్యంగా వెళ్లి వాళ్ల తర్వాతి మాట మీద పడుతుంది, వాళ్లు ఆగిపోతారు. మైకు మ్యూట్‌లో పెట్టి ఎంతసేపైనా ఊఁ కొట్టుకోండి. వాళ్లు ఆపాక ఒక సెకను ఆగి మాట్లాడండి.

ఎదుటివాళ్లని చదవడానికి మాత్రం యూట్యూబ్ వీడియోలు చూడొద్దు. "సంభాషణలో 93 శాతం మాటలు కాదు" అని మొదలెట్టే వీడియోని అక్కడే కట్టేయండి. ఆ లెక్క 1967లో ఆల్బర్ట్ మెహ్రబియన్ అనే మనస్తత్వవేత్త చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది. అందులో విడివిడి పదాలు వినిపించి, మాటకీ గొంతుకీ మొహానికీ పొంతన లేనప్పుడు ఇష్టాయిష్టాల్ని దేన్నిబట్టి పోల్చుకుంటారో చూశారు. మొత్తం సంభాషణకి అది వర్తించదని ఆయనే చెప్పాడు. చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టట! ఏసీ 18లో పెడితే ఎవరైనా కట్టుకుంటారు. అబద్ధాలు పట్టేయడమూ అంతే. 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని కలిపి చూస్తే, విన్నది నిజమో అబద్ధమో జనం సరిగ్గా చెప్పగలిగింది 54 శాతం, బొమ్మా బొరుసా వేసినదానికి నాలుగు ఎక్కువ.

నేర్చుకోవాలంటే పెళ్లి బంతిలో వడ్డించండి. బూరెల పళ్లెం పట్టుకుని వరసలో నడిచే మనిషిని గమనించండి. అందరూ "వద్దు వద్దు" అంటూనే ఉంటారు, అతను మాట వినడు, చేతులు చూస్తాడు. పళ్లెం ఇంకా పక్కాకు దగ్గరుండగానే చెయ్యి ఆకు మీదకి వచ్చి, అరచెయ్యి బోర్లించి, ఒళ్లు కూడా కాస్త ముందుకి వంగిందా, అది నిజమైన వద్దు. బూరె ఆకు మీదకి వచ్చాక చెయ్యి లేచి, జానెడు ఎత్తులో వేళ్లు ఆడుతున్నాయా, అది మొహమాటం. ఒకటి వెయ్యొచ్చు, పక్కాయన "వెయ్యండి, ఆయనకిష్టమే" అంటే రెండు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకి తెస్తే సగం చాలు. అన్నంలో గుంట చేసి ఎదురుచూసేవాణ్ని అసలు అడగకూడదు, సాంబారు పోసెయ్యడమే. ఆకు మడిచిన మనిషి దగ్గర ఆగితే అతనికే ఇబ్బంది.

కొత్తవాళ్లు తప్పేదెక్కడంటే, గరిటె ఆపరు. ఆకుకి అడుగు దూరంలో రెండు సెకన్లు ఆపితే చెయ్యి ఏదో ఒకటి చెబుతుంది. ఆపకుండా వేసేస్తే ఆ చెప్పేది పప్పు కింద పడిపోతుంది. ఇంకో తప్పు, అందరినీ ఒకే కొలతతో చూడడం. మొదటి కూరకే చెయ్యి అడ్డం పెట్టిన పెద్దాయన బూరెకీ పెడితే అందులో వార్త లేదు, అది ఆయన అలవాటు. అన్నిటికీ "వెయ్యి" అన్నాయన ఉన్నట్టుండి చెయ్యి పెడితే ఏదో ఉన్నట్టు. షుగరో, పొద్దున టిఫిన్ ఎక్కువైందో.

మీ క్లయింట్ దగ్గరా ఇంతే. మొదటి పది నిమిషాలు మామూలు కబుర్లప్పుడు ఆయన ఎలా కూర్చుంటాడో, ఎంత త్వరగా బదులిస్తాడో చూసి పెట్టుకోండి. తర్వాత ధర చెప్పి గరిటె ఆపండి. రెండు సెకన్లు, నోరు మెదపకుండా. ఎప్పుడూ వెంటనే మాట్లాడే మనిషి ఆగాడా, కెమెరా వదిలి ఇంకో స్క్రీన్ వైపు చూశాడా అన్నది అప్పుడే కనబడుతుంది. మనవాళ్లు చాలామంది ఆ రెండు సెకన్లు ఓర్చుకోలేక, అవతలివాడు అడక్కముందే "కావాలంటే పది శాతం తగ్గిస్తాం" అనేస్తారు.