ఫ్రేజల్ వర్బ్స్, కొలొకేషన్లు ఎంత చదివినా గుర్తుండటం లేదు. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షకి ఏం చేయాలి?

ద్వారకానగర్ కోచింగ్‌లో ఇచ్చిన పదాల లిస్టు బట్టీ పడుతున్నానని, వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండటం లేదని రాశారు. మంచిదే అయింది. గుర్తుంటే ఎక్కడో ఒకచోట వాడేసేవారు.

నేను విశాఖ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో పనిచేస్తాను. ఓడకి బెర్త్, అంటే రేవులో ఆగే చోటు, ఎప్పుడు దొరుకుతుంది, ఓడని రేవులోకి నడిపించే పైలట్ ఎప్పుడు ఎక్కుతాడు అని కెప్టెన్లకి మెయిల్ పెట్టడం మా పని. వాళ్లలో ఫిలిప్పీన్స్ వాళ్లు, ఉక్రెయిన్ వాళ్లు, చైనా వాళ్లు ఉంటారు. మనలాగే అందరూ ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లే.

ఆ మధ్య మా దగ్గర ఒక కుర్రాడు చేరాడు. జీఆర్‌ఈకి చదివి మధ్యలో మానేసిన మనిషి, నోరు తెరిస్తే పెద్ద పెద్ద మాటలే. ఒకరోజు అలల ఉధృతి వల్ల బెర్తింగ్ సాయంత్రానికి వాయిదా పడింది. మనవాడు 'బెర్తింగ్ హ్యాజ్ బీన్ ప్రొక్రాస్టినేటెడ్ బై ద పైలట్' అని మెయిల్ కొట్టి పంపేశాడు. అతని లిస్టులో ఆ మాటకి ఎదురుగా 'వాయిదా వేయు' అని ఉంది మరి. కాసేపట్లోనే కెప్టెన్ ఫోన్. మీ పైలట్ బద్ధకించి రాలేదని రాసిస్తున్నారా, దీన్ని మా ఓనర్లకి పంపమంటారా అని. ఓడ ఆగితే గంటగంటకీ డబ్బే, అలాంటి కాగితం దొరికితే ఎవరు వదులుతారు?

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు. ఇంటర్‌తో చదువు ఆపేశారు. 'లెగు బాబూ' అని కుర్రాణ్ణి పక్కకి జరిపి, కూర్చోకుండానే మెయిల్ టైప్ చేశారు: 'బెర్తింగ్ పుట్ ఆఫ్ టిల్ ఎయిటీన్ హండ్రెడ్ డ్యూ టు హెవీ స్వెల్. విల్ కీప్ యూ పోస్టెడ్.' కెప్టెన్ థ్యాంక్స్ చెప్పి ఊరుకున్నాడు. పెద్దాయన మాత్రం ఊరుకోలేదు. 'ఏటి బాబూ, సముద్రం చేసిన పనికి మనిషి మీద కేసు రాసేసినావు' అన్నారు.

మీరడిగినవన్నీ ఆ రెండు లైన్లలోనే ఉన్నాయి. పుట్ ఆఫ్ ఫ్రేజల్ వర్బ్, అంటే క్రియకి ఆఫ్, అప్ లాంటి చిన్న మాట తగిలి కొత్త అర్థం వచ్చేది. హెవీ స్వెల్ కొలొకేషన్, అంటే అలవాటుగా కలిసే వచ్చే మాటల జత. వానకీ ట్రాఫిక్‌కీ కూడా హెవీనే, గాలికీ టీకీ మాత్రం స్ట్రాంగ్. ఎందుకని అడక్కండి, వినివిని పట్టుకోవాల్సిందే. అలాగే పుట్ ఇట్ ఆఫ్ అనాలి, పుట్ ఆఫ్ ఇట్ అనకూడదు. లుక్ ఆఫ్టర్‌తో అయితే లుక్ ఆఫ్టర్ హిమ్ అనే అనాలి, మధ్యలో ఏదీ దూర్చడానికి లేదు. ఏ లిస్టూ ఇది చెప్పదు. గెట్, పుట్, టేక్, టర్న్, లుక్, బ్రేక్ లాంటి ఇరవై క్రియలు చేతిలో ఉంటే ఏ దేశంలోనైనా బతికేయొచ్చు. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

ఇక కోచింగ్‌ల సంగతి. మా అక్క కూతురు తెచ్చుకున్న మెటీరియల్లో 'కోప్ అప్ విత్' అని అచ్చేసి ఉంది. అది కోప్ విత్. అప్ ఉండేది పుట్ అప్ విత్‌లో. అబౌట్ అక్కర్లేని చోట 'డిస్కస్ అబౌట్' అనడమైతే చెప్పేవాళ్ల నోటి నుంచే వస్తోంది, రాసుకునే పిల్లల్ని అని ఏం లాభం? ఫీజు మాత్రం ముందే మొత్తం కట్టాలి, ఏసీ పనిచేయకపోయినా సరే.

ఆ డబ్బుతో ఆక్స్‌ఫర్డ్ కొలొకేషన్స్ డిక్షనరీ కొనుక్కోండి. డెసిషన్ దగ్గర చూస్తే మేక్, టేక్, రీచ్ అని దాంతో కలిసొచ్చే క్రియలన్నీ ఒకేచోట ఉంటాయి. కొనలేకపోతే ద్వారకానగర్‌లోనే పౌర గ్రంథాలయం ఉంది, కూర్చుని ఇంగ్లీషు పేపర్ చదవండి. మాట ఒక్కటే కాకుండా వాక్యం మొత్తం రాసుకోండి. సాయంత్రం అదే వాక్యాన్ని మీ ఇంటి సంగతికో ఆఫీసు సంగతికో మార్చి రాయండి.

పరీక్ష ఈ నెల్లోనే ఉంటే ఇవేవీ పెట్టుకోకండి. రైటింగ్‌లో పదసంపదకి వచ్చేది నాలుగో వంతు మార్కులే. వ్యాసం రాయాల్సిన టాస్క్ 2కి టాస్క్ 1 కన్నా రెట్టింపు విలువ ఉంది కాబట్టి, రోజూ 250 పదాలు దాటేలా ఒక వ్యాసం రాసి ఎవరిచేతనైనా దిద్దించుకోండి.