ముప్పై ఏళ్ల తర్వాతి సంగతి రైతుకి పట్టదా? మా శివారు ఊరి అనుభవం

సముద్రం ముందుకొస్తోంది, నేల చౌడుబారుతోంది (ఉప్పు పేరుకుంటోంది) అని మీ ఊళ్లో మీరు చెబితే "అప్పటి మాట అప్పుడు చూద్దాంలే" అంటున్నారనీ, మనవాళ్లకి ముందుచూపే లేదనీ, వాళ్లని ఎలా ఒప్పించాలనీ అడిగారు. నాది కోనసీమలో రాజోలు వైపు, కాలువ శివారులో ఉన్న ఊరు. ముప్పై ఏళ్లకి పైగా వ్యవసాయంతోనే ఉన్నాను, కొన్నాళ్లు నీటి సంఘంలోనూ పనిచేశాను. ముందుచూపు లేదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

1996 నవంబరు 6 తుఫానుకి మా దొడ్లో కొబ్బరి చెట్లు దాదాపు అన్నీ పడిపోయాయి. పడ్డవాటి మొదళ్లు ఇంకా పీకించకముందే మా నాన్నగారు దేశవాళీ మొక్కలు తెప్పించి గోతులు తీయించారు. అప్పటికే ఆయనకి డెబ్బై దాటాయి. దేశవాళీ చెట్టు కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది, నిండుగా కాయాలంటే ఇంకా ఎక్కువ. ఆ కాయ తాను తింటానని ఆయన అనుకోలేదు, తినలేదు కూడా. మా వీధిలో అందరూ ఆ ఏడాది చేసిన పని అదే. వాళ్లకి రేపటి ఆలోచన లేదని నేనెలా అంటాను?

అదే వీధి వెనక మురుగు డ్రెయిన్ ఉంది. దానికి గుర్రపుడెక్క (నీటి మీద తేలే కలుపు) పట్టి నీరు కదలకపోతే ఏళ్ల తరబడి అందరం చూస్తూ ఊరుకున్నాం. నేనూ ఊరుకున్నాను. కొబ్బరి దగ్గర అంత దూరం చూసినవాళ్లం డ్రెయిన్ దగ్గర ఎందుకు చూడలేకపోయామో నాకు బోధపడటానికి చాలా కాలం పట్టింది.

డ్రెయిన్ గురించి కొంచెం చెప్పాలి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఈ రోజుకీ గోదావరి స్నానాల్లో పురోహితులు ఆయన్ని భగీరథుడని తలుచుకుంటారు. నీళ్లు తెచ్చిన కాలువకి అంత గౌరవం ఉంది. వచ్చిన నీటిని దించే డ్రెయిన్‌ని తలుచుకునేవాళ్లు లేరు. మాలాంటి పల్లపు చేలలో మాత్రం సార్వా (వానాకాలం వరి) నిలబడేదీ పోయేదీ డ్రెయిన్‌ని బట్టే. సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది. పోటు వేళ నీరు ఎగదన్నుతుంది. అదే సమయానికి వాన పడితే చేలో నీరు దిగదు, వారం పది రోజులు నిలిచిపోయి నాట్లు కుళ్లిపోతాయి. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా మానేసినప్పుడు పత్రికల్లో ధర, కూలి ఖర్చుల గురించే ఎక్కువ రాశారు. మా వైపు వెళ్లి అడిగితే ముందు ముంపు గురించే చెప్పేవారు. 2022లో కొన్నిచోట్ల మళ్లీ అదే మాట వినపడింది.

సముద్రం గురించి మీరన్నది నిజమే. ఏటా ఒండ్రు పడితేనే డెల్టా నేల నిలదొక్కుకుంటుంది. ఎగువన గోదావరి మీద మహారాష్ట్రలో పైఠాన్ దగ్గర జాయక్‌వాడి, ఇటు పోచంపాడు డ్యాములు కట్టాక ఒండ్రు చాలావరకు అక్కడే ఆగిపోతోంది. ఇదంతా రైతుకి మొదట తెలిసేది డ్రెయిన్‌లోనే. నీరు దిగడానికి పట్టే రోజులు పెరుగుతాయి.

డ్రెయిన్ బాగుచేయించుకుందామని నీటి సంఘం తరఫున మీటింగు పెడితే పదిమంది వచ్చేవారు కాదు. ఓసారి మా తూము కింద ఏ చేను ఎవరు చేస్తున్నారో వరసగా కాగితం మీద రాసుకున్నాను. సగానికి పైగా కౌలు చేలే. భూమి ఉన్నవాళ్లు హైదరాబాదులో, కాకినాడలో ఉంటున్నారు. చేను మునిగితే మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడేది కౌలు రైతు. వచ్చే ఏడాది ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో ఆయనకి తెలియదు. 2019 చట్టం కింద కౌలు రైతుకిచ్చే సాగు హక్కు పత్రం గడువు కూడా 11 నెలలే. కొబ్బరి వేసిన దొడ్డి మాది, ఈ చేను ఆయనది కాదు. అలాంటి మనిషిని కూర్చోబెట్టి 2050 గురించి చెబుతున్నాం.

మా చేను చేసే ఆయన నాకు వరసకి బాబాయి. "జీలుగ జల్లొచ్చు కదా బాబాయ్, చౌడు తగ్గుతుంది" అన్నానోసారి. జీలుగ అంటే పెంచి చేలోనే దున్నేసే పచ్చిరొట్ట పైరు.

"ఏడాదికో చేను మారేవాణ్ణిరా అబ్బాయ్, నేను జల్లిన జీలుగ ఎవడి పంటకి?" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. చివరికి మా రెండున్నర ఎకరాలు ఆయనకి అయిదేళ్లకి కౌలు రాసిచ్చాను. కాగితం రాస్తే భూమి చెయ్యి జారుతుందని మా అన్నయ్య భయపడ్డాడు. అది చాలామందికి ఉన్న భయమే, కొట్టిపారెయ్యను. గడువు, కౌలు ఎన్ని బస్తాలు, ముంపు వస్తే ఎంత తగ్గించాలి, అన్నీ పెద్దల ఎదురుగా రాసుకున్నాం.

మొదటి ఏడాదే ఆయన తొలకరికి జీలుగ జల్లి, పూత దశలో దమ్ములో కలియదున్నారు. బోదె తవ్వుకున్నారు, గట్లు ఎత్తు చేసుకున్నారు. మార్టేరు పరిశోధన కేంద్రం వారి స్వర్ణకే ముంపు తట్టుకునే గుణం చేర్చిన స్వర్ణ సబ్‌-1 రకం గురించి విని, ఓ మడిలో వేసి చూశారు. ఒక పంట తేడా వచ్చినా సరిదిద్దుకోవడానికి ఇంకో నాలుగేళ్లున్నాయన్న ధీమా ఉంటేనే కౌలు రైతు అలాంటి ప్రయోగం చేస్తాడు. మూడో ఏడాదికి చేను మూల తెల్లగా పేలే చౌడు బాగా తగ్గింది. ఆ వేసవి కాలువలకి నీళ్లు ఆపేసినప్పుడు డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తీయడానికి ఆయనంతట ఆయనే వచ్చారు, మరో నలుగురు కౌలు రైతుల్ని వెంటబెట్టుకుని. నేను పిలవలేదు.

దీంతో అన్నీ చక్కబడలేదు. మొగ దగ్గర మేట తీయడం ఊరి వల్ల అయ్యేది కాదు, యంత్రాలు రావాలి, ప్రభుత్వం డబ్బు పెట్టాలి. మా చేనుకి రెండు చేల అవతల రొయ్యల చెరువు వచ్చింది. ఉప్పు ఊట పక్క చేలోకి దిగుతోంది. చెరువు కౌలు ముందు వరి కౌలు ఏపాటిది? పిల్లల చదువుల కోసం తన చేను చెరువుకి ఇచ్చుకున్న ఆయన్ని తప్పుపట్టలేను. కానీ పక్క చేను చౌడెక్కితే ఆ చేను గలాయనా చెరువుకే ఇస్తాడు, ఆ తర్వాత ఆ పక్కాయన. ఇక్కడ మా కౌలు కాగితం ఎందుకూ పనికిరాలేదు. ఆక్వాకి అనుమతిచ్చే ముందు చుట్టుపక్కల చేల మురుగు ఎటు పోతుందో చూడాలని మేం ఇంకా అర్జీలు పెడుతూనే ఉన్నాం.

కాబట్టి ఒప్పించడం గురించి తర్వాత ఆలోచించండి. ముందు మీ ఊళ్లో ఏ చేను ఎవరు చేస్తున్నారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో రాసుకోండి. మూడేళ్లకో అయిదేళ్లకో కౌలు రాయడానికి ఒక్క భూస్వామి ఒప్పుకున్నా అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. భూమి ఉన్నవాళ్లందరూ ఊళ్లో దొరికేది సంక్రాంతికే. కనుమ నాడు భోజనాలయ్యాక భూమి ఉన్నవాళ్లనీ, చేసేవాళ్లనీ కలిపి డ్రెయిన్ మొగ దాకా నడిపించుకు వెళ్లండి. ఆ రోజు పోటు ఎన్ని గంటలకో వేటకెళ్లేవాళ్లని ముందే కనుక్కోండి. నీరు లోపలికి ఎదురొస్తుంటే గట్టు మీద నిలబడి వాళ్లే చూస్తారు.