తొడ చర్మం తీస్తే కాలికి రక్తం ఆగిపోతుందా?

ప్రశ్న: మా నాయనకి బుగ్గలో క్యాన్సర్ గడ్డ తీసేసి తొడ చర్మం అతికిస్తామన్నారు, తొడమీద పెన్నుతో చుక్కలు కూడా పెట్టారు, తర్వాత నడవగలడా సార్? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: భయపడొద్దమ్మా, కాలిని పోషించే పెద్ద ధమని జోలికి వాళ్ళు పోరు. సంగం దగ్గర పెన్నా నుంచి మీ కావలి కాలవ చీలినట్టు, తొడ ధమని నుంచి చీలిన ఒక కొమ్మ ముందు కండకీ బయటి కండకీ మధ్య సందులో కిందకి దిగుతుంది, దాన్నుంచి పిల్లకాలవల్లాంటి సన్నటి నాళాలు ఎక్కువమందిలో బయటి కండని చీల్చుకుని, కొందరిలో సందులోంచే, చర్మానికొస్తాయి. అందరికీ ఒకేచోట ఉండవు, అందుకే తుంటి ఎముక నుంచి మోకాలిచిప్ప బయటి అంచుకి గీత గీసి, దాని మధ్యలో ఓ 3 సెంటీమీటర్ల చుట్టుపక్కల డాప్లర్ (నాళంలో రక్తం పారే చప్పుడు వినిపించే పరికరం) పెట్టి, శబ్దం వినపడ్డచోటే ఆ చుక్కలు పెట్టేది. ఆ చర్మాన్ని దానికి రక్తమిచ్చే కొమ్మతో సహా తీసి, ఆ కొమ్మనే మెడలో నాళాలకి మైక్రోస్కోప్‌లో చూస్తా వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుడతారు. బయటి కండని కదిలించే నరం ఈ కొమ్మ పక్కనే ఉంటుంది, దాన్ని జాగ్రత్తగా కాపాడితే చాలామంది మామూలుగానే నడుస్తారు.